గొంతునొప్పి వచ్చిన మర్నాడే ఎర్రటి మూత్రం: రోగనిరోధక వ్యవస్థకు కిడ్నీతో పేచీ ఏమిటి?

నందివర్ధనం (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 28 ఏళ్లు, బెంగళూరులో ఉద్యోగం. ఈ మధ్య జలుబు, గొంతునొప్పి వచ్చిన మర్నాడే మూత్రం కోలా రంగులో వచ్చిందట. నొప్పి లేదు, మంట లేదు. రెండు రోజులకు రంగు మామూలైపోయింది కాబట్టి వాడు పట్టించుకోలేదు. తర్వాత ఆఫీసువాళ్లు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్ అని, ఎర్రరక్తకణాలు కూడా ఉన్నాయని తేలింది. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 2.1 గ్రాములు, రక్తంలో క్రియాటినిన్ (ఇది పెరిగితే కిడ్నీ వడపోత తగ్గినట్టు) 1.3, రక్తపోటు 150/96. షుగర్ లేదు.

నెఫ్రాలజిస్టు ఐజీఏ నెఫ్రోపతీ అని అనుమానిస్తున్నారు. రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చే జబ్బని, బయాప్సీ చేస్తేగాని ఖాయంగా చెప్పలేనని అన్నారు. బయాప్సీ మాట వినగానే అమ్మానాన్న హడలిపోయారు. కిడ్నీకి సూది గుచ్చితే ఉన్నది కూడా పోతుందని బంధువులు భయపెడుతున్నారు.

నాకు అర్థం కాని విషయం ఒకటుంది. గొంతులో వచ్చిన జలుబుకు, నడుము దగ్గరున్న కిడ్నీకి ఏమిటి సంబంధం? మనల్ని కాపాడాల్సిన వ్యవస్థ అంత దూరం వెళ్లి కిడ్నీనే ఎందుకు దెబ్బతీస్తుంది? తెలిసినవారు వివరంగా చెప్పండి. అమ్మకు నేను అర్థమయ్యేలా చెప్పాలి.

ఆకుపసరు (ఏలూరు)

ఇమ్యూనిటీ తక్కువగా ఉండటం వల్లే ఇదంతా అమ్మా. రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం, అశ్వగంధ ఇవ్వండి. ఇమ్యూనిటీ పెరిగితే కిడ్నీ తనంతట తానే బాగుపడుతుంది. బయాప్సీలు అవసరం లేదు.

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

నందివర్ధనం గారూ, పై సలహా దయచేసి పాటించకండి. మీ తమ్ముడి రోగనిరోధక వ్యవస్థ బలహీనంగా లేదు. చురుగ్గానే ఉంది, గురి తప్పింది. గురి తప్పినదానికి ఇంకా బలం పోస్తే మేలు జరగదు. తిప్పతీగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోవిడ్ కాలంలో అది విపరీతంగా వాడినవారిలో కొందరికి, సొంత రోగనిరోధక వ్యవస్థ దాడి చేసినట్టుగానే కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎలా ఉన్నా, రోగనిరోధక వ్యవస్థ ఇప్పటికే కిడ్నీ మీద పడి ఉన్న మనిషికి దాన్ని రెచ్చగొడతాయని చెప్పే మందులు నేను ఎన్నడూ ఇవ్వను.

మీ ప్రశ్నకు వివరంగా రాస్తాను, రాత్రి వరకు సమయం ఇవ్వండి. ఈలోపు ఒక్క మాట: నొప్పి మాత్రలు ఏవీ వేసుకోవద్దని తమ్ముడికి చెప్పండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏదీ వద్దు. జ్వరం వస్తే పారాసెటమాల్ చాలు.

జీవశాస్త్రం మాస్టారు (తెనాలి)

డాక్టరుగారు వచ్చేలోపు కిడ్నీ వడపోత గురించి నేను కొంత చెబుతాను. అది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు.

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తకేశనాళికలతో చుట్టిన చిన్న ఉండ ఉంటుంది, దాని పేరు గ్లోమెరులస్. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు మూత్రపిండాలకే వెళుతుంది. ఈ ఉండలన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో మూత్రంగా బయటికి పోయేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతాదంతా గొట్టాల వంటి నాళికల్లో తిరిగి రక్తంలోకి చేరుతుంది.

వడపోత గోడకు మూడు పొరలు. లోపల రక్తాన్ని తాకుతూ ఉండే కణాల పొర, దానికి 70 నుంచి 100 నానోమీటర్ల రంధ్రాలు. మధ్యలో ఆధార పొర, అది నాలుగో రకం కొలాజెన్‌తో అల్లుకున్నది. బయట పోడోసైట్లు అనే కణాలు. వాటి పాదాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని, మధ్యలో సన్నటి చీలికలు వదులుతాయి. ఆ చీలికల్లో పరుచుకున్న పల్చటి పొరలో నెఫ్రిన్ అనే ప్రొటీన్ ముఖ్యం. పుట్టుకతోనే విపరీతంగా ప్రొటీన్ పోయే ఫిన్లండ్ పిల్లల మీద జరిగిన పరిశోధనలో 1998లో దాన్ని కనుగొన్నారు. ఈ మూడు పొరలూ బాగుంటే నీరు, లవణాలు, యూరియా దాటిపోతాయి, రక్తకణాలూ ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రొటీన్లూ లోపలే ఉండిపోతాయి. ఆరోగ్యవంతుడి మూత్రంలో రోజంతటికీ కలిపి 150 మిల్లీగ్రాములకు మించి ప్రొటీన్ ఉండదు. మీ తమ్ముడికి పోతున్నది 2.1 గ్రాములు.

ఇక ‘కిడ్నీనే ఎందుకు’ అన్న ప్రశ్న. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. శరీరంలో మరెక్కడా కేశనాళికల్లో ఇంత పీడనం ఉండదు. పైగా ఇక్కడి లోపలి పొర రంధ్రాలమయం కాబట్టి, రక్తంలో తిరిగే ఏ ప్రొటీన్ అయినా ఆధార పొరను నేరుగా తాకగలదు. ఆ పొరకు రుణావేశం ఉంది, ధనావేశం ఉన్న పదార్థాలు వచ్చి అతుక్కుంటాయి. రక్తంలో యాంటీబాడీల ముద్దలు తిరుగుతుంటే అవి చిక్కుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. జల్లెడలో పట్టేది జల్లెడ కోరుకున్నది కాదు కదా, దానిలో పోసినదే.

నందివర్ధనం (గుంటూరు)

మాస్టారూ, ధన్యవాదాలు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. మరి ఆ ముద్దలు గొంతునొప్పితో ఎలా తయారయ్యాయి?

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

ఇప్పుడు రాస్తున్నాను, కొంచెం పొడవవుతుంది.

మన గొంతు, పేగుల లోపలి తడి పొరలను కాపాడే యాంటీబాడీ ఐజీఏ. అక్కడ రోజూ సూక్ష్మజీవులతో వ్యవహారం ఉంటుంది కాబట్టి మన శరీరం అన్ని యాంటీబాడీలలోకీ ఎక్కువగా తయారుచేసేది దీన్నే. ఐజీఏ1 అనే రకానికి మధ్యలో మడత భాగం ఉంటుంది, దానికి చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. కొందరిలో ఈ గొలుసుల చివర గాలక్టోజ్ ఉండాల్సినంత ఉండదు. ఈ లోపం కొంత వంశపారంపర్యం. అదొక్కటే ఉంటే జబ్బు రాదు. గాలక్టోజ్ లేని ఆ చోటు శరీరానికి కొత్తగా కనిపించి, దాని మీద ఇంకో యాంటీబాడీ పుడితే అప్పుడు రెండూ అంటుకుని ముద్దలవుతాయి. ఆ ముద్దలు గ్లోమెరులస్ నడిమధ్య ఉండే మెసాంజియం అనే భాగంలో పేరుకుంటాయి. అక్కడి కణాలు రెచ్చిపోయి పెరుగుతాయి, వాపు కలిగించే సైటోకైన్లను వదులుతాయి, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వరస మేల్కొంటుంది. గొంతులో ఇన్‌ఫెక్షన్ రాగానే ఐజీఏ తయారీ పెరుగుతుంది కాబట్టే మర్నాడో, ఎల్లుండో మూత్రంలో రక్తం కనిపిస్తుంది.

ఈ వ్యవధి చాలా ముఖ్యం. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి తర్వాత పిల్లలకు వచ్చే నెఫ్రైటిస్, అంటే కిడ్నీ వాపు, వేరే జబ్బు. అది ఒకటి నుంచి మూడు వారాలకు వస్తుంది, చర్మం మీద పుండ్ల తర్వాతైతే ఇంకా ఆలస్యం. దానిలో రక్తంలో సీ3 కాంప్లిమెంట్ పడిపోతుంది, ఐజీఏ జబ్బులో మామూలుగానే ఉంటుంది. మీ తమ్ముడి సీ3 ఎంత?

దోషం మూత్రపిండంలో లేదు, రక్తంలో తిరిగేదానిలో ఉంది అనడానికి బలమైన సాక్ష్యం మార్పిడి శస్త్రచికిత్సల్లో దొరికింది. ఐజీఏ జబ్బుతో కిడ్నీ పోయినవారికి కొత్త కిడ్నీ పెడితే అందులోనూ ఐజీఏ మళ్లీ పేరుకోవచ్చు. తెలియక ఐజీఏ పేరుకున్న దాత కిడ్నీని మరో కారణంతో కిడ్నీ పోయిన మనిషికి పెట్టినప్పుడు, ఆ ఐజీఏ క్రమంగా కరిగిపోవడం చూశారు.

ఇక అసలు చెప్పాల్సింది. మూత్రంలో ప్రొటీన్ అన్నది ఒకటే లక్షణం. దాని వెనక రోగనిరోధక వ్యవస్థ చేసే పని మాత్రం నాలుగైదు రకాలు, ఒక్కోదానికి మందు వేరు. యాంటీబాడీ వడపోత గోడలో ఏ పక్కన వాలిందన్నది కూడా లెక్కే. రక్తం వైపు, అంటే లోపలి పొర కింద గానీ మెసాంజియంలో గానీ వాలితే తెల్లకణాలకు అందుతుంది, వాపు వస్తుంది, రక్తం పడుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. లూపస్ (సొంత రోగనిరోధక వ్యవస్థే శరీరంలో చాలా భాగాల మీద దాడి చేసే జబ్బు), ఐజీఏ ఈ కోవలోవి. బయటి వైపు, పోడోసైట్ల కింద వాలితే తెల్లకణాలు అంత దూరం రాలేవు. అప్పుడు కాంప్లిమెంట్ నేరుగా పోడోసైట్లనే గాయపరుస్తుంది. వాపు కణాలు పెద్దగా కనిపించవు గానీ ప్రొటీన్ ధారగా పోతుంది, కాళ్లు పొంగుతాయి. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అలాంటిది. ఆధార పొర కొలాజెన్ మీదే యాంటీబాడీ పుట్టే జబ్బు ఇంకొకటి. అది అరుదు గానీ, రోజులూ వారాల్లోనే కిడ్నీలను ముంచేస్తుంది, ఊపిరితిత్తుల్లో కూడా రక్తస్రావం చేస్తుంది. ఇవన్నీ పైకి మూత్ర పరీక్షలో ఒకేలా కనిపించవచ్చు. ఏది ఏదో తెలియకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే చీకట్లో రాయి విసిరినట్టే. బయాప్సీ అందుకే.

సూక్ష్మదర్శిని (పెథాలజిస్టు, హైదరాబాద్)

బయాప్సీ గురించి ఆ బల్లకు ఇవతల కూర్చునేదాన్ని కాబట్టి నేను చెబుతాను.

మనిషి బోర్లా పడుకుంటాడు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, తిమ్మిరి మందు ఇచ్చి, సన్నటి సూదితో కిడ్నీ కింది కొస నుంచి రెండు చిన్న పోగులు తీస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోబెడతారు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అరుదుగా రక్తస్రావం ఎక్కువై చికిత్స అవసరపడుతుంది. అందుకే ముందు రక్తపోటు అదుపులోకి తెస్తారు, రక్తం పల్చబరిచే మందులు ఆపిస్తారు. మీ తమ్ముడికి 150/96 అన్నారు, అది తగ్గించాకే చేస్తారు. లక్షల నెఫ్రాన్లలో ఆ పోగుల్లో వచ్చేవి పదీ ఇరవై గ్లోమెరులస్సులు. దానితో కిడ్నీ పోదు.

మీరు తప్పక అడగాల్సింది ఒకటుంది: ఇమ్యునోఫ్లోరెసెన్స్, అంటే యాంటీబాడీ ఎక్కడ పేరుకుందో మెరిసేలా చూపే పరీక్ష, చేస్తారా అని. దానికి విడిగా ఒక ముక్క కావాలి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, సెలైన్‌లోనో ప్రత్యేక ద్రవంలోనో పంపాలి. మొత్తం ఫార్మలిన్‌లో వేసి పంపిన నమూనాలు వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. రోగి సూది నొప్పి భరించాడు, ముఖ్యమైన సమాధానం మాత్రం సీసాలోనే సగం పోయింది. ఐజీఏ జబ్బు ఫ్లోరెసెన్స్ లేకుండా ఖాయంగా చెప్పలేం. ఆ జబ్బు పుట్టింది కూడా ఆ పరీక్షతోనే. 1968లో పారిస్ నెకేర్ ఆసుపత్రిలో జాన్ బెర్జే, నికోల్ ఎంగ్లే మూత్రపిండపు ముక్కల్లో ఐజీఏ మెరవడం చూసి దాన్ని మొదటిసారి వర్ణించారు. అంతకు ముందు ఈ రోగులందరినీ మామూలు నెఫ్రైటిస్ గంపలో వేసేవారు.

ఆ మెరుపు ఆకారం చూస్తేనే సగం కథ తెలుస్తుంది. ఆధార పొర వెంట సన్నటి గీతలా ఉంటే కొలాజెన్ మీది యాంటీబాడీ. కేశనాళికల గోడల వెంట సన్నటి చుక్కలు చుక్కలుగా ఉంటే మెంబ్రేనస్. నడిమధ్య గుత్తులుగా ఐజీఏ ఉంటే ఐజీఏ నెఫ్రోపతీ. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు, అన్నీ వెలిగితే లూపస్ కోసం వెతుకుతాం. ఏమీ వెలగకుండా గ్లోమెరులస్ చిరిగిపోయి ఉంటే ఆంకా వాస్కులైటిస్ అనే రక్తనాళాల వాపు జబ్బు గుర్తొస్తుంది.

ఓరుగల్లు తోరణం (వరంగల్)

నాకు లూపస్. నెఫ్రైటిస్ నాలుగో తరగతి అని బయాప్సీలో వచ్చింది. నందివర్ధనం గారూ, సూది కన్నా ముందటి భయమే పెద్దది, మీ తమ్ముడితో నా మాటగా చెప్పండి.

నాకు కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం ముందు నుంచే ఉన్నాయి. అన్నిటికీ రక్తహీనత అని ఐరన్ మాత్రలు రాశారు, మూత్ర పరీక్ష చేయమని ఎవరూ అనలేదు. పిల్లలు కనే వయసున్న ఆడవాళ్లు, కీళ్ల నొప్పులు, ముఖం మీద దద్దుర్లు, నోటిపుండ్లు ఉంటే ఒక్క మూత్ర పరీక్ష చేయించుకోండి. చాలా తక్కువ ఖర్చు. నాకు అప్పుడే చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇప్పుడు మైకోఫెనొలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, చిన్న మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నాను. ప్రొటీన్ బాగా తగ్గింది. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, అందుకే ఒక ప్రశ్న. ఈ మందులతో పిల్లల సంగతి ఏమిటి?

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

ఓరుగల్లు తోరణం గారూ, మైకోఫెనొలేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపి, అజథయోప్రిన్‌కు మారాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ ఆపకూడదు, ఆపితే లూపస్ తిరగబెడుతుంది. టెల్మిసార్టాన్ కోవలోని రక్తపోటు మందులు ఉంటే అవీ మార్చాలి. జబ్బు కనీసం ఆరు నెలలు సద్దుమణిగి ఉన్నాక, మీ వైద్యులు, గైనకాలజిస్టు కలిసి నిర్ణయించాల్సిన విషయం. లూపస్ ఉన్నవారు బిడ్డల్ని కంటున్నారు, కావాల్సింది ముందస్తు ఏర్పాటు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు కళ్ల పరీక్ష మరవకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అది కంటి రెటీనాను దెబ్బతీసే అవకాశం ఎక్కువ.

బుజ్జి నాన్న (కరీంనగర్)

మా బాబుకు అయిదేళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాచే జబ్బు. పొద్దున లేచేసరికి కళ్లు వాచిపోయి ఉండేవి, మొదట ఏదో కుట్టిందనుకున్నాం. ప్రెడ్నిసొలోన్‌తో తగ్గింది గానీ జలుబు చేసినప్పుడల్లా తిరగబెడుతోంది. మా డాక్టరుగారు బయాప్సీ చేయలేదు. ఇక్కడ అందరూ బయాప్సీ తప్పదంటున్నారు, మాకు తక్కువ చేశారా?

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

తక్కువ చేయలేదండీ, సరిగ్గానే చేశారు. ఆ వయసు పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది మినిమల్ చేంజ్ జబ్బు, అంటే మామూలు సూక్ష్మదర్శినిలో దాదాపు మార్పే కనిపించనిది. స్టెరాయిడ్‌కు నూటికి ఎనభై మందికి పైగా లొంగుతారు, కాబట్టి మందుకు స్పందన చూడటమే పరీక్ష. స్టెరాయిడ్‌కు లొంగకపోతేనో, వయసు మరీ తక్కువైతేనో, రక్తపోటు, మూత్రంలో రక్తం ఉంటేనో బయాప్సీ ఆలోచిస్తాం.

ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ పాత్ర చాలా కాలం అనుమానంగానే ఉండేది. స్టెరాయిడ్‌కు లొంగుతుంది, జలుబుతో తిరగబెడుతుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం యాంటీబాడీ కనిపించదు. మాస్టారు పైన చెప్పిన నెఫ్రిన్ గుర్తుందా? దాని మీదే యాంటీబాడీలు కొందరు రోగుల్లో ఉన్నాయని 2022లో తేలింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మినిమల్ చేంజ్ ఉన్న పెద్దల్లో 44 శాతం మందికి, నెఫ్రోటిక్ పిల్లల్లో 52 శాతం మందికి అవి కనిపించాయి. ప్రొటీన్ పోతున్నప్పుడు పెరుగుతాయి, సద్దుమణిగినప్పుడు మాయమవుతాయి. నా వృత్తిలో నన్ను ఇంతగా ఉత్సాహపరిచిన వార్తలు కొన్నే.

ఇంట్లో పొద్దున మూత్రాన్ని స్ట్రిప్‌తో చూసి పుస్తకంలో రాసుకోండి. వరసగా మూడు రోజులు మూడు ప్లస్ వస్తే తిరగబెట్టినట్టే, వాపు వచ్చేదాకా ఆగకండి. జ్వరంతో పాటు కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ పిల్లలకు మూత్రంతో పాటు యాంటీబాడీలు కూడా పోతాయి, పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. న్యుమోకాకస్ టీకా వేయించారా?

బుజ్జి నాన్న (కరీంనగర్)

వేయించలేదు సార్. ఈ వారమే అడుగుతాను.

తూర్పుతీరం (ఫార్మసిస్టు, న్యూజెర్సీ)

పాదరసం గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను, మన వాళ్లకు ఇది చాలా అవసరం. మెంబ్రేనస్ నెఫ్రోపతీలో పోడోసైట్ల మీది పీఎల్‌ఏ2ఆర్ అనే ప్రొటీన్ మీద యాంటీబాడీ పుడుతుందని 2009లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మరికొన్ని లక్ష్యాలు బయటపడ్డాయి. వాటిలో నెల్1 ఒకటి. వెల్లూరు సీఎంసీ వైద్యులు 2022లో ప్రచురించిన దాని ప్రకారం, నెల్1 రకం జబ్బు ఉన్నవారిలో చాలామంది నాటు మందులు వాడినవారు, ఆ మందుల్లో పరీక్షించిన వాటిలో పాదరసం దొరికింది. ఆ మందులు ఆపగానే ఎక్కువమందికి ప్రొటీన్ పోవడం తగ్గింది, రోగనిరోధక వ్యవస్థను అణిచే మందులు లేకుండానే. మరుసటి ఏడాది కేరళలో తెల్లబడే క్రీములు వాడినవారిలోనూ ఇదే జబ్బు కనిపించింది, వాటిలోనూ పాదరసమే.

భస్మాలు, సింధూరాలు, ముద్రలేని పొట్లాల్లో వచ్చే చూర్ణాలు, పేరులేని ఫెయిర్‌నెస్ క్రీములు, వీటిలో ఏది వాడినా వైద్యుడితో దాచకుండా చెప్పండి. అమెరికాలో మా దుకాణానికి వచ్చే తెలుగువాళ్లు కూడా ఊరి నుంచి తెప్పించుకుని వాడుతుంటారు.

ఆకుపసరు (ఏలూరు)

శాస్త్రీయంగా శుద్ధి చేసిన భస్మాలకు, సంతలో అమ్మే పొట్లాలకు తేడా ఉందండీ. అన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

తూర్పుతీరం (ఫార్మసిస్టు, న్యూజెర్సీ)

తేడా ఉండవచ్చు. పొట్లం చూసి రోగి ఆ తేడా కనిపెట్టలేడు, మూత్రంలో ప్రొటీన్ పోతున్న మనిషికి పొరపాటుకు తావివ్వడం నాకు ఇష్టం లేదు.

కవిటి కొబ్బరితోట (శ్రీకాకుళం జిల్లా)

మాది ఉద్దానం. మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారు. మీరంతా చెబుతున్న ప్రొటీన్, వాపు, రక్తం, ఇవేవీ మా వాళ్లకు లేవు. క్రియాటినిన్ ఎనిమిదికి చేరేదాకా ఏమీ తెలియలేదు. మాది కూడా రోగనిరోధక వ్యవస్థ పనేనా?

సూక్ష్మదర్శిని (పెథాలజిస్టు, హైదరాబాద్)

అన్నా, ఉద్దానం జబ్బు మొదలయ్యేది వేరే చోట. వడపోత ఉండలు చాలాకాలం బాగానే ఉంటాయి, దెబ్బతినేది వాటి తర్వాత ఉండే నాళికలు, వాటి మధ్య కణజాలం. అందుకే మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, వాపు ఉండదు, మనిషి పొలంలో పని చేస్తూనే ఉంటాడు. నాళికల మధ్య తెల్లకణాలు చేరడం, తర్వాత మచ్చ కట్టడం బయాప్సీల్లో కనిపిస్తుంది. కాబట్టి రోగనిరోధక కణాలు అందులో పాలుపంచుకుంటున్నాయి. అయితే అవి మొదటి కారణమా, మరేదో గాయం చేశాక వచ్చినవా అన్నది వేరే ప్రశ్న. నీరు, సిలికా, లోహాలు, ఎండలో శ్రమ, పురుగుమందులు, జన్యువులు, అన్నిటి మీదా పరిశోధన జరిగింది, ఏదీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అక్కడి నుంచి సమాధానం రావాలని మీతో పాటు మేమూ కోరుకుంటున్నాం.

ఇంట్లో మిగతావాళ్లకు మూత్ర పరీక్ష ఒక్కటే చేసి బాగుందని ఊరుకోకండి. మీ ప్రాంతంలో క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు మాన్పించండి. అవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, కొందరిలో నాళికల మధ్య అలర్జీ వాపు కూడా తెస్తాయి. గ్యాస్‌కు నెలల తరబడి వాడే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ కూడా కొందరికి అలాంటి వాపు తెస్తాయి.

కవిటి కొబ్బరితోట (శ్రీకాకుళం జిల్లా)

ఒళ్లునొప్పుల మాత్రలు మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటి గురించి మాకు చెప్పినవారు తక్కువ. మా తమ్ముళ్లకు రేపే క్రియాటినిన్ చేయిస్తాను.

నందివర్ధనం (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించాను. తమ్ముడికి బయాప్సీ అయింది, క్షేమంగా ఉన్నాడు. సీ3 మామూలుగానే ఉంది. రిపోర్టు వచ్చింది: 18 గ్లోమెరులస్సులు, ఐజీఏ నెఫ్రోపతీ, ఎం1 ఈ0 ఎస్1 టీ0 సీ0 అని రాశారు. టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు. షుగర్ లేనివాడికి షుగర్ మందు ఎందుకని నాన్న అడుగుతున్నారు. స్టెరాయిడ్ గురించి తర్వాత ఆలోచిద్దామన్నారట. ఇంత జరుగుతుంటే రోగనిరోధక వ్యవస్థకు మందు ఇవ్వకుండా ఆగడం సరైనదేనా?

సూక్ష్మదర్శిని (పెథాలజిస్టు, హైదరాబాద్)

ఆ అక్షరాలు ఆక్స్‌ఫర్డ్ వర్గీకరణవి. ఎం1 అంటే మెసాంజియం కణాలు పెరిగాయి. ఈ0 అంటే కేశనాళికల లోపల వాపు కణాలు చేరి దారి మూసుకుపోలేదు. ఎస్1 అంటే కొన్ని ఉండల్లో కొంత మేర మచ్చ కట్టింది. టీ0 అన్నది ఇందులో నాకు సంతోషం కలిగించేది: నాళికల నష్టం, పీచు కట్టడం పావువంతు లోపే. సీ0 అంటే నెలవంక ఆకారపు గాయాలు లేవు. కాపాడుకోవడానికి కిడ్నీ చాలా మిగిలి ఉంది.

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

నాన్నగారి ప్రశ్న మంచిది. కొన్ని ఉండలు మచ్చ కట్టగానే మిగతావి ఎక్కువ భారం మోస్తాయి, వాటిలో పీడనం పెరుగుతుంది, జల్లెడ ఇంకా సాగుతుంది. కారిన ప్రొటీన్‌ను నాళికల కణాలు పీల్చుకుని, ఆ భారానికి అవి కూడా వాపు సంకేతాలు పంపుతాయి. అంటే రోగనిరోధక వ్యవస్థ మొదలుపెట్టిన గాయాన్ని తర్వాత వడపోత పీడనమే కొనసాగిస్తుంది. టెల్మిసార్టాన్ ఉండ నుంచి బయటికి వెళ్లే రక్తనాళాన్ని సడలించి ఆ పీడనం తగ్గిస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ లోపలికి వచ్చే నాళం వైపు నుంచి అదే పని చేస్తుంది. షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా మేలు చేస్తుందని 2020లో ప్రచురితమైన పెద్ద ప్రయోగంలో తేలింది. అందులో ఐజీఏ రోగులు 270 మంది ఉన్నారు. మందు మొదలైన కొత్తలో క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగితే భయపడి ఆపకండి, పొటాషియం మాత్రం చూపించండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున రెండూ ఆపి వైద్యుడికి ఫోను చేయాలి.

స్టెరాయిడ్ విషయం. ఐజీఏలో పెద్ద మోతాదు మిథైల్ ప్రెడ్నిసొలోన్ పరీక్షించిన అంతర్జాతీయ ప్రయోగంలో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావడంతో ఆ మోతాదును మధ్యలో ఆపాల్సి వచ్చింది. తర్వాత తక్కువ మోతాదుతో, న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ కలిపి కొనసాగించారు. కిడ్నీకి మేలు కనిపించింది, ప్రమాదం మాత్రం పూర్తిగా పోలేదు. అందుకని మీ వైద్యుడు తొందరపడకపోవడం బాధ్యత గల పని. అలాగని ఏళ్ల తరబడి ఆగడమూ సరికాదు. మన ప్రాంతపు రోగుల్లో ఈ జబ్బు వేగంగా ముదురుతుందని వెల్లూరు అధ్యయనం చూపించింది. ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు ప్రొటీన్ రోజుకు 0.5 గ్రాము లోపుకు రావాలంటున్నాయి. పేగు చివరి భాగంలో, అక్కడి ఐజీఏ పుట్టే చోటే విడుదలయ్యే స్టెరాయిడ్ బుడెసొనైడ్‌ను తొమ్మిది నెలలు ఇచ్చే పద్ధతి వచ్చింది. స్పార్సెంటాన్, కాంప్లిమెంట్‌ను అడ్డుకునే ఇప్టాకోపాన్ అనే కొత్త మందులు అమెరికాలో అనుమతి పొందాయి. మీకు ఏది అందుబాటులో ఉందో, ఖర్చెంతో వచ్చే సందర్శనలో అడగండి.

ఈలోపు మీ చేతుల్లో ఉన్నది ఉప్పు. రోజుకు అయిదు గ్రాములు దాటకూడదు. గుంటూరు ఇల్లు కాబట్టి చెబుతున్నాను, ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు ఈ లెక్కలోకే వస్తాయి. ఉప్పు ఎక్కువైతే టెల్మిసార్టాన్ ప్రొటీన్‌ను సరిగ్గా తగ్గించలేదు.

నందివర్ధనం (గుంటూరు)

బెంగళూరుకు అమ్మ పంపే పచ్చళ్ల జాడీలు ఈ నెల నుంచి ఆగాయి. ఆ మాట అమ్మే అంది. ఒక్క చివరి ప్రశ్న: ముందు ముందు స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే ఇప్పుడే చేసుకోదగ్గ జాగ్రత్త ఏదైనా ఉందా?

సాగరతీరం (నెఫ్రాలజీ వైద్యుడు, విశాఖపట్నం)

ఉంది. టీకాలు ఇప్పుడే వేయించండి. రోగనిరోధక వ్యవస్థను అణిచే మందు మొదలయ్యాక టీకాకు శరీరం సరిగ్గా స్పందించదు. హెపటైటిస్ బి పరీక్ష చేయించి, ఆ వైరస్ లేకపోతే టీకా పూర్తి చేయాలి. న్యుమోకాకస్, ఏటా వేసే ఫ్లూ టీకా కూడా. క్షయ ఇంతకు ముందు వచ్చిందేమో, ఇంట్లో ఎవరికైనా ఉందేమో వైద్యుడికి చెప్పాలి. స్టెరాయిడ్ ఒకసారి మొదలైతే బాగుందని మధ్యలో ఎవరూ సొంతంగా ఆపకూడదు. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, పొటాషియం రెండు మూడు వారాల్లో మళ్లీ చేయించి అంకెలు ఇక్కడ రాయండి, చూస్తాను.